మీ మ్యాపులో ఖాళీగా కనిపించే చోట్ల గురించి: విమాన మార్గాల రూపకర్తలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పౌర విమానయాన నియంత్రణ సంస్థల అధికారులకు, గగనతల మార్గాలను రూపొందించే నిపుణులకు నమస్కారాలు.

పల్లెపట్టున నివసిస్తూ, తలపై సాగిపోయే విమానాలనూ చుట్టుపక్కల బతికే పక్షులనూ జంతువులనూ ఏళ్ల తరబడి ఒకే శ్రద్ధతో గమనిస్తున్న వ్యక్తిగా ఈ లేఖ రాస్తున్నాను. నా విన్నపం ఒక్కటే. తక్కువ ఎత్తులో సాగే విమాన మార్గాలను గీసేటప్పుడు, జనం పలచగా ఉన్న నేలను ఎవరూ లేని నేలగా లెక్కగట్టే పద్ధతిని దయచేసి మానుకోండి. ఆ గీత కింద ఏయే ప్రాణులు ఉన్నాయో, అవి ఏ రుతువులో, ఏ వేళలో, ఏ పని మీద ఉంటాయో తెలుసుకున్న తరవాతే మార్గాన్ని ఖరారు చేయండి.

విమానాల మీద నాకు ఏ వ్యతిరేకతా లేదని ముందే చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి విన్నపాలను విమానయానానికి అడ్డుపడేవారి గొడవగా పక్కన పెట్టడం తేలిక. పల్లెలో ఆకాశం విశాలంగా, రాత్రి చీకటి చీకటిగానే ఉంటుంది కనుక, విమానాలను చూడటానికి ఇంతకంటే మంచి చోటు లేదు. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున వెళ్లే జెట్ విమానం నడినెత్తి మీదికి వచ్చినప్పుడు దాని శబ్దం నేలకు చేరడానికి దాదాపు అర నిమిషం పడుతుంది. ఆ వ్యవధిలో విమానం ఏడెనిమిది కిలోమీటర్లు ముందుకు వెళ్లిపోతుంది కనుక, చప్పుడు వినిపించే దిక్కున వెతికే కొత్తవాళ్లకు అది కనిపించదు. ఎడమ రెక్క కొసన ఎర్రదీపం, కుడి రెక్క కొసన ఆకుపచ్చ దీపం ఉంటాయని తెలిసినవాళ్లు రాత్రిపూట అది తమ వైపు వస్తోందో, తమకు దూరంగా పోతోందో చెప్పగలరు. ఇంజన్ల నుంచి వెలువడిన నీటి ఆవిరి, సున్నాకు నలభై డిగ్రీల దిగువన ఉండే చలిలో మంచు రేణువులుగా గడ్డకట్టి తెల్లని చార అవుతుంది. అది వెంటనే కరిగిపోతే పైన గాలి పొడిగా ఉందని, గంటల తరబడి విస్తరిస్తూ నిలిస్తే పైన తేమ బాగా ఉందని అర్థం. 29,000 అడుగుల నుంచి 41,000 అడుగుల వరకు కేవలం వెయ్యి అడుగుల తేడాతో ఒకదాని మీద ఒకటిగా విమానాలను నడిపించగల మీ క్రమశిక్షణ పట్ల నాకు నిజమైన గౌరవం ఉంది. ఈ లేఖలోని ప్రతి మాటా ఆ గౌరవంతోనే రాస్తున్నాను.

అంత ఎత్తున పోయే విమానాల వల్ల నేల మీది ప్రాణులకు పెద్దగా ఇబ్బంది ఉన్నట్టు నేను గమనించలేదు. మేసే జింక తల ఎత్తదు, చెరువులో బాతు కదలదు. నా ఆందోళన అంతా దిగువ అంచె గురించి. ల్యాండింగ్‌కు వచ్చే విమానం సాధారణంగా మూడు డిగ్రీల వాలులో దిగుతుంది కాబట్టి, రన్‌వేకు ఇరవై కిలోమీటర్ల దూరంలో అది దాదాపు ఒక కిలోమీటరు ఎత్తులో ఉంటుంది. అంటే నగర శివార్లు దాటి, పొలాలు, చెరువులు, చిట్టడవులు మొదలైన చోట కూడా విమానం గద్దలు చక్కర్లు కొట్టే ఎత్తులోనే ఉంటుంది. ల్యాండింగ్ కోసం వరసలో నిలిపి తిప్పే విమానాలు, ఇంధనాన్ని పట్టించుకోకుండా మెట్లు మెట్లుగా దిగుతూ మధ్యమధ్యలో చదునుగా సాగే విమానాలు ఇంకా ఎక్కువ దూరం తక్కువ ఎత్తులోనే ఉంటాయి. పల్లెను తాకే విమానయానం ఇదే.

ఇందులో గత రెండు దశాబ్దాల్లో వచ్చిన మార్పు మీకు నాకంటే బాగా తెలుసు. ఒకప్పుడు నేల మీది రేడియో స్టేషన్ల ఆధారంగా నడిచే విమానాలు కాస్త అటూ ఇటూగా చెదిరి వెళ్లేవి. ఉపగ్రహాల ఆధారంగా నడిచే విధానం వచ్చాక ఒకే గీత మీద, ఒకదాని వెనక ఒకటిగా, గీత తప్పకుండా వెళ్తున్నాయి. దీనివల్ల భద్రత పెరిగింది, ఇంధనం ఆదా అయింది. కానీ వెడల్పాటి మేర మీద పలచగా పరచుకున్న శబ్దం ఒక సన్నని పట్టీ మీదకు చేరి గట్టిపడింది. ఆ పట్టీని ఎక్కడ పరచాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, జనసాంద్రత తక్కువ ఉన్నవైపు జరపడమే సహజమైన జవాబుగా తోస్తుంది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో 2001లో ఆమోదించిన శబ్ద నియంత్రణ విధానంలో నాలుగు అంశాలు ఉన్నాయి: విమానాన్నే తక్కువ చప్పుడు చేసేలా తయారు చేయడం, విమానాశ్రయాల చుట్టూ భూవినియోగాన్ని క్రమబద్ధం చేయడం, చప్పుడు తగ్గే పద్ధతిలో విమానాలను నడపడం, తప్పనిసరైతే రాకపోకలపై ఆంక్షలు పెట్టడం. ఇవన్నీ మంచివే. అయితే ఈ నాలుగూ ప్రధానంగా మనుషులకు కలిగే ఇబ్బందిని కొలమానంగా తీసుకున్నవి. ఇబ్బంది పడే మనుషులు ఎంతమంది అన్న లెక్కలో పల్లె ఎప్పుడూ తేలికగానే తూగుతుంది, అడవి అసలు తూగనే తూగదు.

నగరవాసుల నిద్ర విలువైనదే. వారి మీద నుంచి తప్పించిన శబ్దం పల్లె మీద పడకూడదని అడగడం నా ఉద్దేశం కాదు, మా మీద కొంత భారం పడటం న్యాయమే కావచ్చు. ఆ భారం ఏ చెరువు మీద, ఏ నెలలో, తెల్లవారుజామున ఎన్ని గంటలకు పడుతుందన్నది మాత్రం తెలిసి చేసిన నిర్ణయం కావాలి.

తెల్లవారుజాము గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే అన్నిటికంటే పెద్ద తాకిడి అక్కడే ఉంది. సూర్యోదయానికి ముందు గాలి నిలకడగా ఉంటుంది, ఇతర చప్పుళ్లు తక్కువ, వెలుతురు చాలదు కనుక మేతకు వెళ్లడానికి ఇంకా వీలు కాదు. అందుకే పక్షులు ఆ సమయాన్ని గొంతెత్తడానికి కేటాయించుకున్నాయి. ఒక మగ పక్షి తన హద్దులు చాటుకోవడం, జోడు కోసం పిలవడం, పక్క కొమ్మల్లోని పోటీదారుకు తానింకా బతికే ఉన్నానని తెలియజేయడం అన్నీ ఆ కొద్ది సేపట్లోనే జరగాలి. మీ షెడ్యూళ్లలో రోజు మొదటి విమానాల రద్దీ మొదలయ్యేది కూడా సరిగ్గా అదే వేళకు. మాడ్రిడ్ విమానాశ్రయం పరిసరాల్లో జరిగి 2015లో ప్రచురితమైన ఒక పరిశోధన, అక్కడి పక్షుల్లో కొన్ని జాతులు ఉదయపు రద్దీ మొదలయ్యేలోపే పాడటం ముగించుకునేలా తమ వేళను ముందుకు జరుపుకుంటున్నాయని తేల్చింది. ఇది వినడానికి చక్కని సర్దుబాటులా అనిపిస్తుంది. కానీ ఇంకా చీకటిగా ఉండగానే గొంతెత్తిన పక్షి ఆ మేరకు నిద్ర కోల్పోతుంది, చీకట్లో వేటాడే ప్రాణులకు తన ఉనికిని ముందుగా ప్రకటించుకుంటుంది. చిఫ్‌చాఫ్ అనే చిన్న పక్షి మీద యూరప్‌లోని విమానాశ్రయాల వద్ద జరిగిన మరో అధ్యయనంలో, రన్‌వేల దగ్గర బతికేవి సన్నని గొంతుకు బదులు కింది స్థాయి స్వరంతో పాడుతున్నాయని, తమ జాతి పక్షి పాటను స్పీకర్‌లో వినిపిస్తే మామూలు కంటే ఎక్కువ దురుసుగా మీద పడుతున్నాయని బయటపడింది. వాటి వినికిడి దెబ్బతిని ఉండవచ్చని పరిశోధకులు అనుమానించారు.

కప్పల విషయం నేను స్వయంగా గమనించేది. వానలు పడి గుంటలు నిండిన రాత్రుల్లో వందల కప్పలు ఒకే తాళంలో కలిసి అరుస్తాయి. అలా కలిసి అరవడంలో వాటికి రక్షణ ఉంది, ఎందుకంటే ఏ గొంతు ఎక్కడి నుంచి వస్తోందో వేటాడే జంతువుకు విడదీసి పోల్చుకోవడం కష్టం. తక్కువ ఎత్తులో ఒక విమానం గుంట మీదుగా వెళ్లగానే ఆ తాళం తెగిపోతుంది. మొదట ఒక పక్క అరుపులు ఆగుతాయి, తరవాత మొత్తం నిశ్శబ్దమవుతుంది. చప్పుడు పోయాక అవి ఒక్కసారిగా అందుకోవు. ఒకటి మొదలుపెట్టి ఆగుతుంది, గట్టు అవతలి నుంచి ఇంకోటి బదులిస్తుంది, గుంపు మళ్లీ ఒక తాళంలో పడటానికి చాలా సేపు పడుతుంది. ఈలోగా ఒంటరిగా అరుస్తున్న కప్ప ఎక్కడుందో వినగలిగినవాటన్నిటికీ తెలిసిపోతుంది. తరవాతి విమానం ఆ వ్యవధి ముగిసేలోపే వస్తే, ఆ రాత్రికి ఆ గుంటలో తాళం కుదరదు. థాయ్‌లాండ్‌లో 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో విమానాల, మోటారు సైకిళ్ల శబ్దాన్ని కప్పలకు వినిపించి చూశారు. మూడు జాతులు అరవడం తగ్గించాయి, ఒక జాతి మాత్రం మిగతావి తగ్గిన సందు చూసుకుని ఎక్కువ అరిచింది. ఏ ప్రాణి నష్టపోతుంది, ఏ ప్రాణి లాభపడుతుంది అన్నది ముందుగా ఊహించలేమని, ప్రతి చోటా విడిగా చూడాల్సిందేనని దీన్నిబట్టి అర్థమవుతోంది.

మీరు శబ్దాన్ని కొలిచే తీరు గురించి ఒక మాట చెప్పాలి. ఈ లేఖలో అతి ముఖ్యమైన సాంకేతిక అంశం ఇదేనని నా అభిప్రాయం. విమానాల శబ్ద పటాలు ఎక్కువగా 'ఏ-వెయిటెడ్' డెసిబెళ్లలో ఉంటాయి. మనిషి చెవికి బొంగురు శబ్దాలు, అంటే కింది స్థాయి ధ్వనులు, తక్కువగా వినిపిస్తాయి కనుక ఈ కొలమానం వాటిని తగ్గించి చూపిస్తుంది. 100 హెర్ట్‌జ్ దగ్గర ఆ తగ్గింపు దాదాపు 19 డెసిబెళ్లు, 20 హెర్ట్‌జ్ దగ్గర దాదాపు 50 డెసిబెళ్లు. దూరం నుంచి వచ్చే విమానం చప్పుడులో మిగిలి ఉండేది మాత్రం ఆ బొంగురు భాగమే, ఎందుకంటే పలచని, పదునైన ధ్వనులను గాలి దారిలోనే మింగేస్తుంది. ఏనుగులు మనకు వినిపించనంత కింది స్థాయి ధ్వనులతో మాట్లాడుకుంటాయని 1980లలో కేటీ పేన్ అనే పరిశోధకురాలు కనిపెట్టారు. అలాంటి జంతువులు తిరిగే నేలకు మనిషి చెవితో గీసిన శబ్ద పటాన్ని వర్తింపజేయడం శాస్త్రీయంగా నిలవదు. గుడ్లగూబల్లో కొన్ని పూర్తి చీకట్లో కేవలం వినికిడితోనే ఎలుకను పట్టగలవు. వాటికి ఆకుల కింద కదలిక తప్పితే ఇంకే ఆధారమూ లేదు. ఆ కదలికను మరుగుపరిచే శబ్దం మీ పటంలో ఎంత చిన్న అంకెగా కనిపించినా వాటికి అది ఆకలితో గడిచే రాత్రే.

సగటు లెక్క రెండో సమస్య. రోజు మొత్తం మీద సగటు తీసి, రాత్రి విమానాలకు 10 డెసిబెళ్లు అదనంగా కలిపే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. నగరంలో ఎప్పుడూ ఏదో ఒక చప్పుడు ఉంటుంది కాబట్టి అక్కడ సగటుకు కొంత అర్థం ఉంది. గాలి లేని రాత్రి 25, 30 డెసిబెళ్లకు మించని పల్లెలో మాత్రం ప్రతి విమానమూ ఒక విడి సంఘటన. అవి ఎన్ని వచ్చాయి, ఒక్కోటి ఎంతసేపు వినిపించింది, రెండింటి మధ్య ఎంత ఎడం ఉంది అన్నవే ఇక్కడ అసలైన లెక్కలు. యూరోపియన్ యూనియన్ 2002లో తెచ్చిన పర్యావరణ శబ్ద ఆదేశంలో 'బహిరంగ గ్రామీణ ప్రాంతంలోని నిశ్శబ్ద ప్రదేశం' అనే నిర్వచనం ఉంది. అంటే నిశ్శబ్దం కాపాడదగిన వనరు అన్న ఆలోచన ప్రభుత్వాలకు కొత్తది కాదు, దాన్ని మార్గాలు గీసే గదిలోకి తీసుకురావడమే మిగిలింది.

శబ్దం ఒక్కటే కారణమై పక్షులు ఆవాసాన్ని వదిలేస్తాయా అన్న సందేహం న్యాయమైనదే. రోడ్డు ఉన్నచోట చప్పుడుతో పాటు పొగ, వాహనాలు, దీపాలు కూడా ఉంటాయి కనుక కారణాన్ని విడదీయడం కష్టం. అమెరికాలోని ఇడాహో రాష్ట్రంలో పరిశోధకులు దీనికి ఒక చక్కని ఉపాయం కనిపెట్టారు. రోడ్డే లేని కొండ అంచున స్పీకర్లు వరసగా పెట్టి, కేవలం వాహనాల చప్పుడును వినిపించారు. 2015లో ప్రచురించిన ఫలితాల ప్రకారం అక్కడి పక్షుల సంఖ్య దాదాపు మూడో వంతు తగ్గింది, వలస మధ్యలో అక్కడ ఆగినవాటిలో కొన్ని ప్రయాణానికి చాలినంత బరువు పుంజుకోలేకపోయాయి. అది వాహనాల శబ్దం, విమానాలది కాదు. అయినా చెవికి తెలియని ముప్పు రాకను కనిపెట్టడానికి పక్షి తల ఎత్తి చూసిన ప్రతిసారీ ఒక గింజ తినే సమయం పోతుందన్న సంగతి రెండు చోట్లా ఒకటే.

ఇంతవరకు పక్షుల వైపు నుంచే మాట్లాడాను. ప్రయాణికుల వైపు నుంచి చూసినా ఇదే విన్నపం చేయాల్సి వస్తుంది. విమానం పక్షిని ఢీకొన్న తొలి ఘటనను 1905లో ఆర్విల్ రైట్ స్వయంగా నమోదు చేశారు, అంటే ఈ సమస్యకు దాదాపు విమానమంత వయసుంది. 1960 అక్టోబరు 4న బోస్టన్‌లో టేకాఫ్ అయిన విమానం స్టార్లింగ్ పక్షుల గుంపును ఢీకొని కూలిపోయి 62 మంది మరణించారు. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో ఎయిర్‌బస్ ఏ320 రెండు ఇంజన్లలోకీ కెనడా గూస్ బాతులు దూసుకుపోయినప్పుడు, పైలట్లు దాన్ని హడ్సన్ నది మీద దించి 155 మందినీ కాపాడారు. ఆ ఘటన విమానాశ్రయం ప్రహరీ దగ్గర జరగలేదు. రన్‌వేకు ఏడు కిలోమీటర్ల అవతల, దాదాపు 2,800 అడుగుల ఎత్తులో జరిగింది. ఇంజన్లలో దొరికిన ఈకలను పరీక్షించి, అవి నగరంలో స్థిరపడినవి కావని, వలస వచ్చినవని శాస్త్రవేత్తలు నిర్ధారించారు. విమానాశ్రయం లోపల గడ్డి ఎత్తును అదుపులో పెట్టడం, టపాకాయలతో పక్షులను తోలడం అవసరమే. కానీ ఎక్కడో ఉత్తరాన పుట్టి దారిలో ఉన్న బాతుకు ఆ ప్రహరీతో పని లేదు. దాని దారి తెలియాలంటే పల్లె ఆకాశాన్ని చూడాలి.

పక్షుల ఎత్తుల గురించి కూడా తొందరపడి నిర్ణయాలు చేయలేం. 1973 నవంబరులో ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్ మీదుగా వెళ్తున్న విమానం 37,000 అడుగుల ఎత్తులో ఒక రాబందును ఢీకొంది. కామన్ స్విఫ్ట్ అనే పక్షి గూడు పెట్టే కాలం మినహా పది నెలల వరకు నేలకు దిగకుండా గాలిలోనే ఉండగలదని స్వీడన్ పరిశోధకులు 2016లో చూపించారు. ఇవి అరుదైన ఉదాహరణలే. ఢీకొనడాల్లో అత్యధిక భాగం నేలకు దగ్గరలో, టేకాఫ్, ల్యాండింగ్ వేళల్లోనే జరుగుతాయి. సాయంత్రం చెరువుల నుంచి చెట్ల మీది నిద్రతావులకు కొంగలు వరసలు కట్టి వెళ్లే ఎత్తూ, మీ విమానాలు చివరి మలుపు తీసుకునే ఎత్తూ ఒకటే అయిన చోట్లు ఎన్నో ఉన్నాయి. కొంగలు ఆ దారిని రోజు రోజుకీ మార్చుకోవు. ఒక రుతువంతా దాదాపు అదే వేళకు, అదే దిక్కుగా వెళ్తాయి. పక్కన ఉండి చూసేవాడు దాన్ని గడియారంతో సరిచూసి చెప్పగలడు.

ఇలాంటి సమాచారాన్ని మార్గాల రూపకల్పనలో వాడుకోవడం సాధ్యమేనని చూపిన దేశాలున్నాయి. మూడు ఖండాల కూడలిలో ఉన్న ఇజ్రాయెల్ మీదుగా ఏటా రెండుసార్లు దాదాపు 50 కోట్ల పక్షులు వలస వెళ్తాయి. 1980లలో యోసీ లెషెమ్ అనే పక్షి శాస్త్రవేత్త మోటారు గ్లైడర్‌లో కొంగలు, గద్దల గుంపుల వెంట ఎగురుతూ, రాడార్‌తో సరిచూస్తూ వాటి దారులను, ఎత్తులను, తేదీలను పటం గీశారు. దాన్ని అనుసరించి అక్కడి వైమానిక దళం వలస రోజుల్లో తన శిక్షణ విమానాల ఎత్తులను, వేళలను మార్చుకుంది. ఢీకొనడాలు భారీగా తగ్గాయి. యూరప్ వైమానిక దళాలు రాడార్‌లో పక్షుల రద్దీ పెరిగినప్పుడు 'బర్డ్‌టామ్' అనే హెచ్చరికలు జారీ చేసుకుంటాయి. అమెరికాలో వన్యప్రాణి ఆశ్రయాల మీదుగా వెళ్లే పైలట్లు నేలకు కనీసం 2,000 అడుగుల ఎత్తు పాటించాలని విమాన పటాల మీదే అభ్యర్థన ముద్రిస్తారు. వాన మబ్బులను చూసే రాడార్లు వలస పక్షులను కూడా చూస్తాయి కనుక, రాబోయే రాత్రి ఎన్ని పక్షులు ప్రయాణిస్తాయో వాతావరణ సూచనలా ముందే చెప్పే పద్ధతులు కూడా వచ్చాయి. పరికరాలు ఉన్నాయి, అనుభవం ఉంది. సైనిక విమానయానం తన అవసరం కోసం నేర్చుకున్నదాన్ని పౌర విమానయానం మార్గాలు గీసే దశలోనే అందుకోవాలని కోరుతున్నాను.

హెలికాప్టర్లు, చిన్న విమానాలు, డ్రోన్ల గురించి ఇక్కడ క్లుప్తంగానే చెబుతాను, వాటికి విడిగా ఇంకో లేఖ రాయవలసినంత సంగతి ఉంది. నిలిచి తిరిగే హెలికాప్టర్ పక్షులకు తిన్నగా దాటిపోయే విమానం కంటే ఎక్కువ భయం కలిగిస్తుంది. 2021 మే నెలలో కాలిఫోర్నియాలోని బోల్సా చీకా చిత్తడి నేలల్లో ఒక డ్రోన్ కూలిపడగా, గూళ్ల మీద ఉన్న దాదాపు మూడు వేల ఎలిగెంట్ టెర్న్ పక్షులు లేచిపోయి తిరిగి రాలేదు. దాదాపు 1,500 గుడ్లు ఇసుకలో మిగిలిపోయాయి. ఒక్క యంత్రం, ఒక్క రోజు, ఒక ఏటి సంతానం. తక్కువ ఎత్తులో డ్రోన్ మార్గాలను కొత్తగా గీయబోతున్న ఈ దశలోనే గూళ్లు ఉండే చోట్లను పటం మీద పెట్టడం తేలిక. మార్గాలు అలవాటైపోయి, వాటిమీద వ్యాపారాలు నిలబడ్డాక కష్టం.

ఇక మాలాంటివాళ్లం చేయగల సాయం గురించి చెబుతాను. చాలా విమానాలు తమ స్థానాన్ని, ఎత్తును, వేగాన్ని 1090 మెగాహెర్ట్‌జ్ మీద ఏడీఎస్-బి అనే రేడియో సంకేతంగా చెబుతూ ఉంటాయి. చిన్న యాంటెనా, చవకైన రిసీవర్ పెట్టుకుని ఆ సంకేతాలను నమోదు చేసే ఔత్సాహికులు పల్లెల్లోనూ ఉన్నారు. వారిలో చాలామంది పక్కనే ఒక నోటు పుస్తకంలో ఏ పక్షి ఎప్పుడు వచ్చింది, ఏ చెట్టు మీద గూడు పెట్టింది, ఏ రాత్రి కప్పలు మొదలయ్యాయి అని కూడా రాసుకుంటారు. విమానం ఎత్తు, వేళ ఒకవైపు, కింద ప్రాణుల తీరు మరోవైపు పక్కపక్కన పెట్టి చూడగల సమాచారం ఇది. ఏ ప్రయోగశాలా తక్కువ ఖర్చుతో దీన్ని కూడబెట్టలేదు. 2020లో ప్రపంచవ్యాప్తంగా విమాన ప్రయాణికుల సంఖ్య అంతకుముందు ఏడాదితో పోలిస్తే 60 శాతం పడిపోయినప్పుడు, ఆకాశం నిశ్శబ్దమైతే కింద ఏం మారుతుందో చూసే అవకాశం అనుకోకుండా కలిగింది. ఆ నెలల్లో రాసుకున్న పుస్తకాలు ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. వాటిని అడిగి తీసుకునే ఏర్పాటు ఉంటే బాగుంటుంది.

కానీ ఈ సమాచారం మీకు చేరే దారి ఇప్పుడు లేదు. ఒక విమానాశ్రయానికి నేను రాసి పంపిన ఫిర్యాదు పత్రంలో నా పేరు, చిరునామా, నిద్రాభంగమైన వేళ రాయడానికి గళ్లు ఉన్నాయి. చెరువు గురించి రాయడానికి గడి లేదు. 'ఇతర వివరాలు' అన్న చోట రాసినదానికి, నా ఇంటి వద్ద శబ్దం అనుమతించిన పరిమితిలోనే ఉందని సమాధానం వచ్చింది. నేను అడిగింది నా ఇంటి గురించి కాదు. మార్గాల మార్పుపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగినా అది నగరంలోని సభామందిరంలో, కొద్ది వారాల గడువుతో, నిపుణులకు మాత్రమే అర్థమయ్యే పటాలతో ముగిసిపోతుంది. ఆ గడువు పక్షులు గూడు పెట్టని కాలంలో పడితే, అక్కడ ఏమీ లేదని పరిశీలకులు నిజాయితీగానే రాస్తారు.

మార్గాన్ని పక్కకు జరపడం వల్ల ప్రయాణ దూరం పెరిగితే ఇంధనం ఎక్కువ కాలుతుందని, దాని వల్ల వాతావరణానికి కలిగే కీడు కూడా చివరికి ఇవే ప్రాణుల మీద పడుతుందని నాకు తెలుసు. అందుకే పక్కకు జరపడం కంటే ముందు ఎత్తు గురించి ఆలోచించమని కోరుతున్నాను. మెట్లు మెట్లుగా దిగకుండా, పై నుంచి ఇంజన్ల శక్తి తగ్గించి ఒకే వాలులో జారుతూ దిగే పద్ధతిని మీరే ప్రోత్సహిస్తున్నారు. దానివల్ల ఇంధనం, చప్పుడు రెండూ తగ్గుతాయి. ఆ పద్ధతిని అమలు చేసే క్రమంలో చిత్తడి నేలల మీదుగా వచ్చే మార్గాలకు మొదటి స్థానం ఇవ్వండి. చదునుగా సాగక తప్పని ముక్క ఒకటి ఉంటే అది గూళ్లున్న చెరువు మీద పడకుండా చూడండి. రెండు మార్గాల్లో ఏదైనా వాడుకునే వీలున్న చోట, గూళ్ల కాలంలో ఒకదాన్ని, తక్కిన కాలంలో మరొకదాన్ని వాడండి. వలస ఉద్ధృతంగా ఉన్న వారాల్లో పదివేల అడుగుల లోపు వేగాన్ని తగ్గించడం ఢీకొనే బలాన్ని కూడా గణనీయంగా తగ్గిస్తుంది, ఎందుకంటే ఆ బలం వేగంతో పాటు కాక, వేగపు వర్గంతో పాటు పెరుగుతుంది.

ఇవేవీ చట్టాలు మార్చేదాకా ఆగవలసినవి కావు. మీరు తరవాత విడుదల చేయబోయే ముసాయిదాతో మొదలుపెట్టవచ్చు. జనాభా పటం పక్కనే అదే కొలతలో చెరువుల, గూళ్ల, నిద్రతావుల, పక్షుల వలస మార్గాల పటాన్ని జత చేయండి. సగటు డెసిబెళ్లతో పాటు, రోజులో ఎన్ని విమానాలు, ఏ ఎత్తున, తెల్లవారుజామున ఎన్ని అన్న సంఖ్యలను విడిగా ఇవ్వండి. శబ్దాన్ని ఏ-వెయిటింగ్ లేకుండా కూడా కొలిచి చూపండి. ఆ మార్గం కింద ఉన్న పల్లెల్లో ఒక పూర్తి ఏడాది పరిశీలన జరిగేదాకా అభిప్రాయ సేకరణను ముగించకండి. పరిశీలనకు వచ్చే మీ సిబ్బందికి దారి చూపడానికి, మా నోటు పుస్తకాలు, రిసీవర్ల నమోదులు చేతికివ్వడానికి నాలాంటివాళ్లు సిద్ధంగా ఉన్నారు. ఎవరిని సంప్రదించాలో, ఏ రూపంలో పంపాలో తెలియజేస్తే వెంటనే పంపగలం. మీ జవాబు కోసం ఎదురు చూస్తాను.

ఇట్లు,
భవదీయుడు,
విమాన మార్గం కింద నివసించే ఒక పల్లెవాసి